పాపకు మెడుల్లోబ్లాస్టోమా: చిత్తూరులో ఉండి పరిశోధనకు ఎలా సాయపడొచ్చు?

మెడుల్లోబ్లాస్టోమాకు, అంటే పిల్లల మెదడు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ గడ్డకు, తిరుపతిలో ఆపరేషన్, వేలూరు సీఎంసీలో రేడియేషన్ అయ్యాయి, ఆరేళ్ల పాప కోలుకుంటోంది, ఇంకో బిడ్డకు పనికొచ్చేది ఏదైనా చేయాలనుంది, డబ్బిచ్చే స్తోమత మాత్రం లేదు అని మీరు రాశారు. డబ్బు సంగతి వదిలేయండి. పరిశోధన చేసేవాళ్లకు కష్టంగా దొరికేది, ఒకే బిడ్డ గురించి మధ్యలో తెగిపోని సమాచారం. రెండు రాష్ట్రాల్లో వైద్యం చేయించుకునే మనవైపు కుటుంబాల దగ్గరే అది ఎక్కువగా తెగుతుంది.

ముందు బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి. తీసిన గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనం దిమ్మెలో (అదే బ్లాక్) పెట్టి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పాథాలజీలో దాస్తారు. బయాప్సీ రిపోర్టు మీద ఉన్న నంబరు చెబితేనే వెతికి ఇస్తారు. మెడుల్లోబ్లాస్టోమాలో డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4 అని రకాలున్నాయి. పాపది ఏదో తేల్చారా అని అడగండి. తేల్చకపోతే ఆ బ్లాక్ నుంచే ఇప్పుడైనా చేయొచ్చు. పరిశోధనకు అడిగితే బ్లాక్ మొత్తం ఇచ్చేయకండి. పలుచగా కోసి, రంగు వేయని స్లైడ్లుగా ఇమ్మనండి. గడ్డ మళ్లీ వస్తే ఆ బ్లాక్ మొదట కావాల్సింది మీ పాపకే.

ఆపరేషన్ ఇంకా కానివాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు రోజే సర్జన్‌ను అడగండి: పరీక్షకు పోగా మిగిలిన ముక్కను ఫ్రీజ్ చేసి ఉంచే ఏర్పాటుందా అని. ఫార్మలిన్‌లో ఆర్‌ఎన్‌ఏ (కణాల్లో జన్యువుల పనితీరు చెప్పే పదార్థం) దెబ్బతింటుంది. ముక్క అందులో పడ్డాక అడిగి లాభం లేదు.

స్కాన్ల విషయంలో అందరూ చేసే తప్పొకటుంది. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. కొలతలు తీయడానికి అది పనికిరాదు. ప్రతి ఎంఆర్‌ఐకీ డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు చిత్రాలు) ఉన్న సీడీ అడిగి తీసుకుని, అదే వారం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. సీడీలు బీరువాలోనే పాడవుతాయి. డిశ్చార్జి సమ్మరీలో 'రేడియేషన్ ఇచ్చాము' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఒప్పుకోకండి. మెదడుకు వెన్నుతో కలిపి ఎన్ని గ్రే (రేడియేషన్ కొలమానం), గడ్డ ఉన్నచోట మొత్తం ఎన్ని గ్రే అన్నది కావాలి. స్టాండర్డ్ రిస్క్ (గడ్డ తిరగబెట్టే ప్రమాదం తక్కువగా ఉన్న) పిల్లలకు మామూలుగా వరుసగా 23.4, 54 గ్రే ఉంటాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తే, అది వినికిడిని తగ్గించగలదు కాబట్టి, వినికిడి పరీక్ష కాగితాలన్నీ దాచండి. చికిత్స ముందు చేసింది మరీ ముఖ్యం, అది లేకపోతే ఎంత తగ్గిందో చెప్పలేరు. ఎత్తు, బరువు, బడిలో చదువు ఎలా సాగుతోందో కూడా తేదీ వేసి రాయండి.

ఎవరైనా అధ్యయనంలో చేరమంటే సీటీఆర్‌ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడిగి, ఆ వెబ్‌సైట్‌లో చూడండి. మనదేశంలో మందుల ట్రయల్స్‌ను అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ట్రయల్ మందుకని లక్షలు కట్టమంటే లేచి వచ్చేయండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని అడగడం మీ హక్కు, వేలూరులోనైనా సరే. రక్తం, కణజాలం ఈ ఒక్క అధ్యయనానికేనా, ముందుముందు వాటికి కూడానా అన్న గడి చదవకుండా సంతకం పెట్టొద్దు. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల వైద్యం ఆగకూడదు. పాపకు ఏడేళ్లు నిండాక తన ఒప్పుకోలు కూడా అడుగుతారు. అప్పుడు మీరు అడ్డుపడి జవాబివ్వకండి.

చిన్నదిగా కనిపించే చిక్కొకటి: పేరు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట తండ్రి పేరు పొడి అక్షరం చివర, ఆధార్‌లో వేరే స్పెల్లింగు. కంప్యూటర్లో ఒకే బిడ్డ ముగ్గురవుతుంది. అన్నిచోట్లా ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. బాగున్నా సరే రివ్యూ మానకండి. బాగున్నవాళ్లు రావడం మానేస్తే ఆ చికిత్స ఫలితం లెక్కకు అందదు. సిమ్ మారిస్తే ఆసుపత్రికి చెప్పండి. రెండో నంబరుగా ఊరు కదలని తాతదో మేనమామదో రాయించండి.