డిబేట్‌కు అతిథులను పిలిచే పని: మేనకోడలికి ఒక లేఖ

బాలసముద్రం, హనుమకొండ

చిరంజీవి శ్రావణికి మేనమామ ఆశీస్సులు.

సాయంత్రం డిబేట్‌కు అతిథులను పిలిచే బాధ్యత నీకు అప్పగించారని, ఆ పనిలో కుదురుకోకముందే రెండు వేర్వేరు పార్టీల వాళ్లు ఫోన్ చేసి "మీ ప్యానెల్‌లో ఎప్పుడూ అవతలి వాళ్లదే పైచేయి" అని నిన్ను నిలదీశారని రాశావు. ఇద్దరూ ఒకే ఆరోపణ చేస్తున్నారంటే మనం నడిమధ్యన ఉన్నట్టేనని మీ ప్రొడ్యూసర్ ధైర్యం చెప్పాడట. ఆ మాట నమ్మకు బిడ్డా. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఒక అంశం మీద ఒకరికి, మరో అంశం మీద మరొకరికి నిజంగానే అన్యాయం జరుగుతూ ఉండవచ్చు. ఇక్కడి కేబుల్ ఛానెల్‌లో చాలా ఏళ్లు చర్చలు నడిపించినవాడిగా, ఆ తర్వాత హైదరాబాద్ స్టూడియోల్లో అతిథి కుర్చీలో కూర్చున్నవాడిగా నాకు తెలిసినదంతా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ముందుగా, ఈ విషయంలో నీకు అండగా నిలిచే చట్టం ఏదో ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో వివాదాస్పద ప్రజా విషయాలపై భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలనే నిబంధన 1949 నుంచి ఉండేది. 1987లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థే దానిని ఎత్తివేసింది. బ్రిటన్‌లో టీవీ వార్తలు నిష్పాక్షికంగా ఉండాలన్న నియమాన్ని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఇప్పటికీ అమలు చేస్తున్నది. మన దేశంలో 1994 కేబుల్ టెలివిజన్ నియమాలలోని ప్రోగ్రామ్ కోడ్ అర్ధసత్యాలను, పరువునష్టం కలిగించే మాటలను నిషేధిస్తుందే తప్ప ప్రైవేటు ఛానెల్ ప్యానెల్‌లో ఏ పార్టీకి ఎన్ని కుర్చీలు వేయాలో చెప్పదు. న్యూస్ ఛానెళ్లు తమకు తామే ఏర్పాటు చేసుకున్న సంస్థ విధించగల లక్ష రూపాయల జరిమానా ఏ మూలకూ చాలదని 2023లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. లెక్క ప్రకారం సమయం పంచే పద్ధతి ఒక్క దూరదర్శన్, ఆకాశవాణిలలోనే, అదీ ఎన్నికల కాలంలోనే కనిపిస్తుంది: 1998 నుంచి గుర్తింపు పొందిన పార్టీలకు కొంత కనీస సమయాన్ని సమానంగా ఇచ్చి, ఆపైన గత ఎన్నికలలో వచ్చిన ఓట్లను బట్టి అదనపు సమయం కేటాయిస్తున్నారు. సమానత్వానికీ బలానికీ రెండింటికీ చోటిచ్చిన ఆ పద్ధతి నాకు నచ్చుతుంది కానీ, రోజువారీ డిబేట్‌కు దానిని యథాతథంగా వాడుకోవడం కుదరదు.

ఎందుకు కుదరదంటే, మన దగ్గర బలమన్నది ఏడాది తిరగకముందే మారిపోయింది. 2023 నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8 స్థానాలు వచ్చాయి. ఆరు నెలలకే లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెస్, బీజేపీ చెరి ఎనిమిది గెలుచుకుంటే బీఆర్ఎస్‌కు ఒక్కటీ దక్కలేదు. ఏ ఎన్నికను ప్రమాణంగా తీసుకుంటావో దానిని బట్టి ఒక పార్టీ ప్రధాన ప్రతిపక్షం అవుతుంది, లేదా లెక్కలోకే రాకుండా పోతుంది. ప్రతి పార్టీ తనకు అనుకూలమైన ఎన్నికనే నీకు గుర్తుచేస్తుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని 12 స్థానాలలో కాంగ్రెస్ 10 గెలిచింది కాబట్టి, "ఎమ్మెల్యేలను పిలుద్దాం" అని నువ్వు ఎంత నిష్పాక్షికంగా అనుకున్నా ప్యానెల్ ఒకవైపే వాలుతుంది. అమెరికాలో ఆదివారం ఉదయం వచ్చే రాజకీయ చర్చా కార్యక్రమాల మీద ఇదే తగాదా చాలాకాలం నడిచింది. ఏ పార్టీ అతిథులు ఎంతమంది వచ్చారో విమర్శకులు లెక్కగట్టి చూపితే, అధికారంలో ఉన్నవారే వార్తలు సృష్టిస్తారు కాబట్టి వారే ఎక్కువగా వస్తారని ఛానెళ్ల వైపు నుంచి సమాధానం వచ్చేది. ఆ సమాధానంలో కొంత నిజం లేకపోలేదు. మంత్రిని ప్రశ్నించడానికి పిలిస్తే అది జర్నలిజం. మంత్రినీ, మంత్రి తరఫున మాట్లాడేవాడినీ ఒకే ప్యానెల్‌లో కూర్చోబెడితే అది వేరే పని.

అయినా వాళ్ల లెక్క మనకంటే సులువు, ఎందుకంటే అక్కడ ప్రధానంగా రెండే పార్టీలు. మన దగ్గర మూడు. మూడు పార్టీలకు మూడు కుర్చీలు వేసి, తలా పది నిమిషాలు ఇస్తే న్యాయం జరిగిందనుకుంటాం గానీ, దాదాపు ప్రతి అంశంలోనూ ఇద్దరు ఒకవైపు చేరి మూడోవాడిని ఒంటరిని చేస్తారు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ మీద చర్చ పెట్టి చూడు. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలో ఉంది. 2023 జూలై 8న ప్రధాని కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. ఆ మధ్య గడిచిన ఏళ్లకు జవాబు చెప్పవలసినది బీజేపీ ప్రతినిధి ఒక్కడే. బీఆర్ఎస్ హయాంలో కట్టిన మేడిగడ్డ బ్యారేజీ మీద చర్చ పెడితే, 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగిన నాటి నుంచి ఒంటరిగా మిగిలేది బీఆర్ఎస్ ప్రతినిధి. కాంగ్రెస్ ఎన్నికల హామీలైన ఆరు గ్యారంటీల మీదైతే ఆ వంతు ఆ పార్టీదే. నీకు ఫోన్ చేసిన ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చని నేను అన్నది ఇందుకే: కుర్చీలు ఒక్కొక్కటే అయినా, ఒకవైపు ఇరవై నిమిషాలు, మరోవైపు పది నిమిషాలు నడుస్తున్నాయి.

కాబట్టి పార్టీలను బట్టి కాకుండా ప్రశ్నను బట్టి పక్షాలను లెక్కపెట్టు. ఎవరికీ ఫోన్ చేయకముందే ఆ రోజు ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుని, దానికి ఏ పార్టీ ఏమని జవాబు చెబుతుందో పక్కన రాయి. "మేడిగడ్డకు బాధ్యులెవరు" అనే ప్రశ్నకు వచ్చే వరుస వేరు, "బ్యారేజీకి మరమ్మతు చేసి వాడుకోవాలా, వద్దా" అనే ప్రశ్నకు వచ్చే వరుస వేరు; రెండో ప్రశ్నకు ఒక సాగునీటి ఇంజినీరు లేకుండా ఏ పార్టీవాడు మాట్లాడినా శ్రోతకు మిగిలేది అరుపే. పక్షాలు తేలిన తర్వాత ఒంటరిగా ఉన్నవాడికి మిగతా ఇద్దరికీ కలిపి ఇచ్చినంత సమయం ఇవ్వమని యాంకర్‌తో ముందే మాట్లాడుకో. ఆరోపణ ఎవరి మీద వచ్చిందో అతనికి వెంటనే జవాబు చెప్పే అవకాశం ఉండాలి. బ్రేక్ తర్వాత ఇచ్చే జవాబును సగం మంది వినరు. ఈ పద్ధతి పాటించిన రోజున మిగతా ఇద్దరూ అలుగుతారు. మరుసటి వారం వాళ్లలో ఒకడు ఒంటరివాడయ్యే అంశం రాక తప్పదు కాబట్టి, ఆ అలకను పెద్దగా పట్టించుకోనవసరం లేదు.

అసలు మోసం జరిగేది మూడు పార్టీల పక్కన తటస్థుడి కోసమని వేసే నాలుగో కుర్చీలో. పార్టీ అధికార ప్రతినిధి ఎవరి మనిషో ప్రేక్షకుడికి పేరు కింద కనిపిస్తుంది. "రాజకీయ విశ్లేషకుడు", "సీనియర్ జర్నలిస్టు", "కేయూ విద్యార్థి నాయకుడు", "సామాజికవేత్త" అని వేసినప్పుడు ఏమీ కనిపించదు. కాకతీయ యూనివర్సిటీలో విద్యార్థి నాయకుడంటే దాదాపుగా ఏదో ఒక పార్టీ అనుబంధ సంఘానికి చెందినవాడే, ఆ సంఘం పేరు వేయకపోవడం ప్రేక్షకుడి దగ్గర సమాచారం దాచడమే. విశ్లేషకుడిని పిలిచే ముందు మొహమాటపడకుండా నాలుగు మాటలు అడుగు: ఏ పార్టీలోనైనా సభ్యత్వం ఉందా, ఎప్పుడైనా పోటీ చేశారా లేదా టికెట్ అడిగారా, ప్రభుత్వం ఇచ్చిన నామినేటెడ్ పదవి ఏదైనా అనుభవించారా, మీకో మీ ఇంటివారికో ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నాయా. ఉన్నాయని చెప్పినంత మాత్రాన వద్దనకు. ఆ వివరాన్ని పేరు కింద వేసి, ఆ పక్షం లెక్కలోనే కలుపు. తటస్థుడని పిలిచినవాడు తటస్థుడు కాకపోతే, ముగ్గురు ప్రతినిధులను ఎంత జాగ్రత్తగా కూర్చోబెట్టినా ఆ శ్రమ వృథా. నాకు ఈ విషయంలో కొంత పట్టుదల ఎక్కువని నా మిత్రులు అంటారు, అననీ.

పార్టీ మారిన ఎమ్మెల్యేల సంగతి ఇంకా చిక్కైనది. బీఆర్ఎస్ గుర్తుపై గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పదిమందిపై అనర్హత ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఇలాంటి వారిని పిలిచినప్పుడు "ఏ పార్టీ తరఫున మాట్లాడుతున్నారు" అని చర్చ మొదట్లోనే అడగమని యాంకర్‌కు చెప్పు. ఆ సమాధానాన్ని బట్టి సమయం లెక్కవేయి. పాత పార్టీ కుర్చీలో వారిని కూర్చోబెట్టి, ఆ పార్టీకి ప్రాతినిధ్యం ఇచ్చామని చెప్పుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

కుర్చీలూ నిమిషాలూ సమానమైనా మనుషులు సమానం కాకపోవచ్చు. ఒకవైపు పాతికేళ్లుగా మాట్లాడి ఆరితేరిన న్యాయవాదిని స్టూడియోలో కూర్చోబెట్టి, మరోవైపు మొన్ననే పదవి వచ్చిన మండల నాయకుడిని నెట్‌వర్క్ సరిగా లేని ఫోన్ నుంచి కలిపితే ఏమవుతుందో నీకు చెప్పనక్కరలేదు. అతిథి దూరం నుంచి మాట్లాడుతున్న రోజున మిగతావారిలో కనీసం ఒకరినైనా అలాగే కలపడానికి చూడు. పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో, ఎవరి మైకు ఎప్పుడు తగ్గుతున్నదో కూడా కొన్నాళ్లు గమనించు. అందరూ ఒకేసారి అరుస్తున్నప్పుడు ఎవరి గొంతు వినిపిస్తున్నదో నిర్ణయించేది ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడే, అతడి గురించి ఏ పార్టీవాడూ ఫిర్యాదు చేయడు.

ఒక పార్టీ రానంటే ఏం చేయాలని అడిగావు. 2019 ఎన్నికల ఓటమి తర్వాత కాంగ్రెస్ ఒక నెలపాటు తన ప్రతినిధులను టీవీ చర్చలకు పంపలేదు. 2023 సెప్టెంబర్‌లో ఇండియా కూటమి 14 మంది యాంకర్ల కార్యక్రమాలకు వెళ్లబోమని ప్రకటించింది. ఏ పార్టీ అయినా ఇలా చేయవచ్చు, అది వారి హక్కు. నువ్వు ఆహ్వానాన్ని మెసేజ్ రూపంలో పంపి, సమయంతో సహా దాచిపెట్టుకో. పిలిచాము, రాలేదు అని చర్చ మొదట్లోనే చెప్పించు. వారి వాదనను ఆ రోజు ప్రెస్‌మీట్ నుంచో, వారి ప్రకటన నుంచో యాంకర్ చేత చదివించు. వారి బదులు "సానుభూతిపరుడు" అనే పేరుతో ఎవరినో పట్టుకొచ్చి కూర్చోబెట్టవద్దు. అలా వచ్చినవాడు ఓడిపోవడానికే వచ్చినట్టుంటాడు.

కొన్ని అంశాలకు పార్టీలను పిలవకపోవడమే మంచిది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర పడిపోయిన రోజున మూడు పార్టీలను కూర్చోబెడితే కేంద్రం, రాష్ట్రం, గత ప్రభుత్వం అంటూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. సరుకు తెచ్చిన రైతు, అడ్తిదారు, మార్కెట్ కార్యదర్శి, కోల్డ్ స్టోరేజీ యజమాని కూర్చుంటే ధర ఎందుకు పడిందో కొంతైనా తెలుస్తుంది. అక్కడ కూడా రైతు సంఘం నాయకుడు అన్నప్పుడు ఏ సంఘమో అడగడం మరిచిపోకు.

చివరగా, యాజమాన్యం నుంచి "ఫలానా వారిని పిలవండి, ఫలానా వారిని వద్దు" అని ఫోన్లు వస్తాయి. రావని నీకు ఎవరైనా చెబితే వారు ఈ రంగంలో పనిచేయలేదన్నమాట. ప్రతి ఫోన్‌నూ ధిక్కరించమని నేను చెప్పను. ఉద్యోగం నీది, కిరాయి కట్టేది నువ్వు. కానీ ఒక రిజిస్టర్ పెట్టుకో: తేదీ, ప్రశ్న, ఎవరెవరిని పిలిచావు, ఎవరు వచ్చారు, ఏ పక్షం ఎన్ని నిమిషాలు మాట్లాడింది, పేరు ఎవరు సూచించారు. నిమిషాలను మరుసటి రోజు రికార్డింగ్ చూసి రాయవచ్చు, దానికి పెద్ద సమయం పట్టదు. నెల తిరిగాక ఆ పేజీలను ముందు యాంకర్‌కు చూపించు, ఆ తర్వాతే పై వారికి. తన కార్యక్రమంలో తూకం ఎటు మొగ్గిందో అంకెల్లో చూసుకున్న యాంకర్ నీ తరఫున మాట్లాడే అవకాశం ఎక్కువ. మళ్లీ ఏ పార్టీ కార్యాలయం నుంచైనా ఫోన్ వస్తే వాదించకుండా, వారు అడుగుతున్న చర్చ తేదీ ఏదో కనుక్కుని ఆ రోజు పేజీ చదివి వినిపించు. వారి మాటే నిజమని ఆ పేజీ చూపితే, వచ్చే వారం ఆ అంశం మీద వారిని మళ్లీ పిలువు.

ఇట్లు,
నీ మేనమామ