నత్తో గిన్నె ముందు నటన

ప్రశ్న: చదువుకోసం జపాన్ వచ్చి మూడు వారాలైంది. ఒక కుటుంబంతో ఉంటున్నాను. చేపలు, మాంసం తిననని ముందే చెప్పాను. పొద్దున్నే ఆ ఇంటి పెద్దావిడ అన్నం, మిసో సూప్, నత్తో పెడతారు. నత్తో వాసనకే కడుపులో తిప్పుతుంది. ఆవిడ అటు తిరగ్గానే టిష్యూలో చుట్టి బ్యాగులో వేసేస్తున్నాను. ఖాళీ గిన్నె చూసి ఆవిడ మురిసిపోయి ఇంకాస్త ఎక్కువ పెడుతున్నారు. ఇంటికి వచ్చేయాలనిపిస్తోంది.

జవాబు: ముందు నవ్వొచ్చింది, క్షమించండి. ఆ దేశంలో వీధిలో చెత్తబుట్ట దొరకడమే కష్టం. ఆ పొట్లం పట్టుకుని ఎంత దూరం తిరుగుతున్నారో! మీ చివరి వాక్యం దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

నత్తో అంటే నత్తలు కావు (పేరు విని మీ ఇంట్లోవాళ్లు హడలిపోయే ఉంటారు). ఉడికించి పులియబెట్టిన సోయా గింజలు. ఆ జిగురూ వాసనా బ్యాక్టీరియా చేసే పనే, పాడవడం వల్ల వచ్చినవి కావు. జపాన్‌లోనే, ముఖ్యంగా ఒసాకా వైపు, దాని జోలికి పోనివాళ్లున్నారు. కాబట్టి మీకు నచ్చకపోవడం ఆవిడకు అవమానమేమీ కాదు. చిక్కంతా ఆ ఖాళీ గిన్నెతోనే. ఇంకా కావాలని మీరే చెబుతున్నట్టుంది కదా.

ఈ రాత్రే చెప్పండి. పొద్దున చెబితే అప్పటికే వడ్డించేసి ఉంటారు. "నత్తో వ చొత్తో నిగతే దెసు" అంటే చాలు. 'నిగతే' అంటే బాగాలేదని కాదు, నావల్ల కావట్లేదని. తప్పు తిండి మీద కాక తన మీద వేసుకునే మాట. వాళ్లూ అదే వాడతారు. టిష్యూ సంగతి చెప్పాలా? అక్కర్లేదంటాను. ఆవిడ మనసు కష్టపెట్టి మీ బరువు దించుకోవడం న్యాయం కాదు.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. మిసో సూప్‌లో చేప ముక్క కనబడదు గానీ, దానికి వాడే 'దాషి' అనే రసాన్ని చాలా ఇళ్లలో ఎండు చేప తురుముతో కాస్తారు. ఆవిడ దాచారనుకోకండి, రసాన్ని చేప కింద లెక్కపెట్టి ఉండరు. నత్తోతో వచ్చే సాస్ పొట్లంలోనూ తరచు అదే ఉంటుంది. 'కొంబు' అనే సముద్రపు నాచుతో కాచే దాషి కూడా ఉంది, అది వాడగలరేమో అడగండి. ఇన్నాళ్లూ తాగేశానే అని కుమిలిపోవద్దు, తెలియక జరిగింది.

నత్తోను మళ్లీ రుచి చూడాలంటే సెలవు రోజున, మీ అంతట మీరు, నాలుగే నాలుగు గింజలు, ఆవాల ముద్దతో. లేకపోయినా ఏం మునిగిపోదు.

మధ్యాహ్నం, రాత్రి భోజనాల గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. నిద్రమత్తు వదలకముందే, పరాయి భాషలో, రోజూ నటించాల్సి రావడమే మిమ్మల్ని అలసగొడుతోందని నా అనుమానం. చెప్పేశాక ఒక వారం చూడండి. అప్పటికీ ఇంటి మీదే ధ్యాస ఉంటే అది నత్తో గొడవ కాదు. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల బాగోగులు చూసేవాళ్లతో మాట్లాడండి, నాకూ మళ్లీ రాయండి.