రోడ్డు విస్తరణ: ముందు పడమటి హద్దు చూడండి

ప్రశ్న: మా తాతగారు తిరునెల్వేలి వైపు నుంచి నెల్లూరు వచ్చి 1952లో స్టోన్‌హౌస్‌పేటలో కొట్టు, వెనక ఇల్లు కొన్నారు. అప్పటి అరవ కుటుంబాలు, మార్వాడీ కొట్లవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేస్తున్నారు. రోడ్డు విస్తరణకు మాది 9 అడుగులు పోతుందని గోడకు ఎర్ర గీత పెట్టారు. సమ్మతి పత్రం ఇస్తే డబ్బుకు బదులు టీడీఆర్ బాండు (అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇస్తారట. ఒరిజినల్ దస్తావేజు కనిపించడం లేదు, ఇంటిపన్ను రసీదులున్నాయి. పాత స్టాంపు కాగితం మీద రాయించుకుందామని బాబాయి అంటున్నారు. నష్టపరిహారం డబ్బుగా రాదా?

జవాబు: మీ కేసు తేలేది ఒక్క చోటే. రోడ్డు మీకు పడమర ఉంటే, దస్తావేజులో పడమటి హద్దు ఎక్కడ ఆగింది? ఆ 9 అడుగులు హద్దు లోపలివైతే అది మీ ఆస్తి. రాజ్యాంగం 300ఎ అధికరణ ప్రకారం చట్టబద్ధంగా తప్ప తీసుకోకూడదు. 2013 భూసేకరణ చట్టం కింద సేకరిస్తే పరిహారంతో పాటు దానికి 100 శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది. అరుగు, మెట్లు, రేకుల చూరు తర్వాత రోడ్డు మీదికి జరిపినవైతే ఆ జాగాకు పైసా రాదు. కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది కానీ, రోడ్డు మీది ఆక్రమణలకు అది వర్తించదు.

దస్తావేజు కనిపించడం లేదని ఇంత తేలిగ్గా ఎలా రాశారు? ఇంటిపన్ను రసీదు మీరు అక్కడ ఉంటున్నారని చెబుతుంది, హక్కును రుజువు చేయదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. మీకు పాత ఇండెక్స్ పుస్తకాల్లో తాతగారి పేరు మీద వెతికించాలి. టౌన్ సర్వే రికార్డు నకలు కూడా తీసుకుని, లైసెన్సు ఉన్న సర్వేయరుతో గీత దగ్గర నుంచి కొలిపించండి. కొలతకూ హద్దుకూ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దుకే విలువిస్తాయి.

బాబాయి మాట వినకండి. అది ఫోర్జరీ. 1952లో నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది, స్టాంపు కాగితం కూడా దానికి తగ్గట్టే ఉండాలి. నకిలీ రాసేవాడు ఇలాంటి చోటే తప్పులో కాలేస్తాడు. స్టాంపు, సిరా, సంతకం అన్నీ పరీక్షకు వెళతాయి. ఆస్తిపత్రం ఫోర్జరీకి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. దానివల్ల మీ నిజమైన హక్కును కూడా ఎవరూ నమ్మరు.

సమ్మతి పత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. టీడీఆర్ అంటే కట్టడపు హక్కు. వేరేచోట వాడుకోవాలి, లేదా అమ్ముకోవాలి. సంతకం అయ్యాక డబ్బు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. తాతగారి వారసులందరికీ వాటా ఉంటుంది కాబట్టి మీ ఒక్కరి సంతకంతో మిగతావాళ్ల వాటా పోదు, రేపు తగాదా మాత్రం వస్తుంది.

చేతికి ఏ నోటీసు వచ్చినా కవరుతో సహా దాచి, అందిన తేదీ రాసుకోండి. భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు గడువు 60 రోజులు. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) చాలలేదని రిఫరెన్సు (విషయాన్ని పై అథారిటీకి పంపమని) కోరడానికి, ప్రకటించేటప్పుడు మీరక్కడ ఉంటే 6 వారాలే. మార్కింగు మాత్రమే జరిగి ఉంటే, ఏ చట్టం కింద తీసుకుంటున్నారో రాతపూర్వకంగా చెప్పమని మున్సిపల్ కమిషనరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఈ వారమే రాయండి. రసీదు, అక్నాలెడ్జ్‌మెంటు దాచుకోండి. జవాబు రాకుండా కూల్చడానికి వస్తే, ఆ కాగితాలతోనే హైకోర్టులో రిట్ వేయవచ్చు.