విద్యార్థులు ‘బాధ్యత గల వ్యాపారం’ అంటూ తిరిగితే ఏ వ్యాపారమైనా మారుతుందా? మారుతుంది, ఒక జీడి షెడ్డు సంగతి చెబుతాను

మీ ప్రశ్న ఇది: “యూనివర్సిటీ విద్యార్థులు క్లబ్బులు పెట్టి, పర్యావరణానికీ పనివాళ్లకీ హాని చెయ్యని వ్యాపారం కావాలని ప్రచారం చేస్తున్నారు. దానివల్ల నిజంగా ఒక్క వ్యాపారమైనా మారిందా, లేక రెజ్యూమెలో ఒక లైను కోసమేనా?”

మారింది. మా ఊళ్లో ఒక జీడి షెడ్డు, అంటే జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే చోటు, నా కళ్లముందే మారింది. విద్యార్థులు ఎక్కడ పనికొస్తారో, ఎక్కడ పనికిరారో రెండూ అక్కడే చూశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లిపోయిన ఊరు. బజార్లో బేరాలు మాత్రం ఇప్పటికీ తెలుగులో సాగుతాయి. కాస్త దూరం వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఎంబీఏ ఒడిశాలోనే చదివాను. మా వైపు కొండల్లో జీడితోటలున్నాయి. ఎండాకాలం వచ్చిందంటే ఆ కొండల్లోని గిరిజనులు సవరవాళ్లు పిక్కలు మూటలు కట్టుకుని సంతకి దిగుతారు. అందులో చాలా సరుకు సరిహద్దు దాటి పలాస పోతుంది. పేరంతా పలాస జీడిపప్పుదే. ఆ పిక్క ఏ కొండమీద కాసిందో డబ్బా మీద ఎవరూ రాయరు. ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ, కానీ మీరడిగింది అది కాదు.

మా ఊరి శివార్లో ఒక చిన్న షెడ్డు ఉంది. యజమాని మా నాన్నగారి స్నేహితుడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మా సీనియర్లు తమ క్లబ్బు తరఫున అక్కడ ఒక కార్యక్రమం పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు, ఒక పెద్దాయన్ని పిలిచి శాలువా కప్పారు, పిక్కలు కొట్టే ఆడవాళ్లందరికీ రబ్బరు గ్లవ్సులు పంచారు. ఉద్దేశం మంచిదే. జీడిపెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసేవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది: బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు నల్లగా మాడినట్టుంటాయి, గోళ్ల పక్కన తోలు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆముదం రాసుకుని, బూడిదలో వేళ్లు అద్దుకుని పనికి కూర్చుంటారు.

నేను వెళ్లేసరికి ఆ గ్లవ్సులన్నీ గోడమీద మేకులకి వేలాడుతున్నాయి. ఎందుకమ్మా తొడుక్కోలేదని ఒకామెని అడిగాను. చెయ్యి ఆపకుండానే చెప్పింది: “తొడిగితే పిక్క ఏలికి అందదు బాబూ. పప్పు ఇరిగిపోద్ది. ఇరిగితే కూలీ కోసెత్తారు.”

ఈ విషయాన్ని వారం పది రోజులు సెమినార్లు పెట్టినా ఎవరూ ఇంతకంటే బాగా చెప్పలేరు. ఆమెకి కూలి కిలోల లెక్కన. తీసిన పప్పులో గుండు (విరగనిది) వేరు, బద్ద (రెండుగా చీలింది) వేరు, ముక్క వేరు. గుండుకి పూర్తి కూలి, ముక్క ఎక్కువైతే కోత. మార్కెట్లోనూ అంతే. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగే రకం, 240 అంటే ఇంకా పెద్ద గుండు, ఇంకా ఎక్కువ ధర. ముక్కైన పప్పు స్వీటు షాపులకి చవగ్గా పోతుంది. అంటే పప్పు విరిగితే వచ్చే నష్టాన్ని బాబాయ్ ఆ ఆడవాళ్ల కూలిలోంచి రాబట్టుకుంటున్నాడు. కూలి లెక్క అలా ఉన్నంతకాలం గ్లవ్సు తొడుక్కోవడమంటే చేతులారా కూలి పోగొట్టుకోవడమే.

అక్కడ నేనూ, నాతో వచ్చిన ఇంకొందరు క్లాసువాళ్లం చేసింది చాలా చిన్న పని. బాబాయ్‌ని అడిగి కటింగ్ బల్ల పక్కన ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ బస్తా, ఎప్పుడు ఆవిరి పట్టారు, ఎంతసేపు ఆరబెట్టారు, పెద్ద పిక్కా చిన్న పిక్కా, సాయంత్రానికి గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత. అంతే. మాలో ఒకడు ఇంజినీరింగ్ చదివి ఎంబీఏకి వచ్చినవాడు. వాడు బాయిలర్ దగ్గర కూర్చుని టైము రాసేవాడు.

సీజన్ సగం గడవకముందే సంగతి తేటతెల్లమైపోయింది. ఆవిరి పట్టి, అదే రోజు వేడి చల్లారకముందే బల్లమీదికి తెచ్చిన పిక్కల్లో ముక్క విపరీతం. రాత్రంతా ఆరనిస్తే పెంకు గట్టిపడి పెళుసవుతుంది, లోపలి పప్పు పెంకునుంచి విడివడుతుంది, అప్పుడు కొడితే గుండు గుండుగా వస్తుంది. ఇంకోటి, పెద్ద పిక్కా చిన్న పిక్కా కలిపి ఒకే బ్లేడుకి పెడితే బ్లేడు పప్పులోకి దిగిపోతుంది. అంటే విరగడానికి కారణం ఆ ఆడవాళ్ల చెయ్యి కాదు. ఆర్డరు తొందరలో ఆరబెట్టకుండా బల్లమీదికి తోసినవాళ్లదీ, జల్లెడ పట్టకుండా పంపినవాళ్లదీ తప్పు. కోత మాత్రం ఈ ఆడవాళ్లకి పడుతోంది. వాళ్లు ఈ మాట ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారట. “ఏడిమీద కొడితే ఇరగదేటి బాబూ?” అని నవ్వింది ఒకామె. వాళ్ల నోటిమాటని అంకెల్లో పెట్టి యజమాని ముందు పరిచినవాళ్లే అంతవరకూ లేరు.

బాబాయ్ చెడ్డవాడేం కాదు, లెక్క కనబడితే వింటాడు. 80 కిలోల బస్తాకి దిగే పప్పు ఇంచుమించు దాంట్లో నాలుగో వంతు, ఆ కాస్త పప్పులో ఎంత ముక్కైతే అంత డబ్బు పోయినట్టే కదా. రాత్రి ఆరబెట్టడం తప్పనిసరి చేశాడు, సైజులు విడదీసే జల్లెడ కొన్నాడు, ముక్కకి కూలి కోత ఎత్తేశాడు. కోత పోయాక జరిగింది చూడండి. ఆ ఆడవాళ్లే మేకులకి వేలాడుతున్న గ్లవ్సులు దించి, కత్తెరతో వేళ్ల కొనలు మాత్రం కత్తిరించుకుని, బొటనవేలికీ పక్క రెండు వేళ్లకీ టోపీల్లా తొడుక్కుని, లోపల ఆముదం రాసుకుని పని మొదలెట్టారు. పిక్క వేలికి అందుతుంది, నూనె తగలదు. ఈ ఉపాయం ఏ ఎంబీఏవాడికీ తట్టలేదు.

అందుకే నేను గట్టిగా అంటాను: విద్యార్థులు వ్యాపారాన్ని మార్చగలరు, కానీ కూలి లెక్క రాసే పుస్తకం దగ్గర మొదలుపెడితేనే. మిగతావన్నీ దాని తర్వాత. ఒక్క షెడ్డు చూసి అన్నిటికీ ఇదే మాట చెబుతున్నావేమిటి అనొచ్చు. బరంపురం పట్టు మగ్గాల దగ్గర, రాయగడ సంతలో చింతపండు, కొండచీపుళ్లు కొనేచోట కూడా నిలబడి చూడండి. కూలి ఎలా కట్టారు, కాటా ఎలా ఉంది, డబ్బు ఎప్పుడిచ్చారు, ఈ మూడింట్లోనే మంచీ చెడూ అంతా బయటపడుతుంది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికల కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ ముద్ర మీద ఏ సంవత్సరం ఉందో చూడటానికి పెద్ద చదువేం అక్కర్లేదు, కళ్లుంటే చాలు. మన క్లబ్బుల్లో ఎంతమంది చూశారు?

ఇక్కడ నా ఇంకో కోపం కూడా చెప్పాలి. ఈ కార్యక్రమాల పోస్టర్లన్నీ ఇంగ్లీషులో ఎందుకు? పిక్కలు కొట్టేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, ఒడియావాళ్లున్నారు, సవరవాళ్లున్నారు. వాళ్లలో ఎవరు చదువుతారని ఆ పోస్టర్లు? మా ఊరి రాజావారి స్కూల్లో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ రోజుల్లో సవరవాళ్ల మాట నేర్చుకోవాలన్న ఆలోచనే చాలామందికి లేదు. అలాంటి ఊళ్లో చదువుకుంటూ కూలి చీటీ ఇంగ్లీషులో అచ్చేస్తే ఎలా? మేం కూలి పుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా వేయించాం. సవర ఆడవాళ్లకి చదివి చెప్పడానికి వాళ్లలోనే పదో తరగతి చదివిన ఒకమ్మాయిని పెట్టాం. ఆ అమ్మాయికి ఇప్పుడు షెడ్డులో అందరికంటే ఎక్కువ గౌరవం.

బయటి దేశాల్లో ఇవేం కొత్త సంగతులు కావు. స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ యూనివర్సిటీ విద్యార్థులు 1987లోనే ఓయికోస్ అనే సంఘం పెట్టుకున్నారు, వ్యాపారం చదువులో పర్యావరణం కూడా ఉండాలని. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2009లో హార్వర్డ్‌లో ఎంబీఏ పూర్తిచేసిన పిల్లలు వ్యాపారంలో నిజాయితీగా ఉంటామని ప్రమాణం రాసుకుని చదివారు. మంచిదే. కానీ మన కాలేజీలు వాటిని చూసి ప్రమాణం చదివించడం ఒక్కటే నేర్చుకున్నాయి. ఏటా అదే గోతిలో మొక్క, అదే ప్రమాణం, అదే గ్రూప్ ఫొటో. ఆ మొక్కకి వేసవిలో నీళ్లు ఎవరు పోస్తున్నారో అడిగితే సమాధానం ఉండదు.

మన దేశంలో చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. కానీ అది 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల లాభమో ఉన్న కంపెనీలకి. 2019లో కేంద్రం బాధ్యతాయుత వ్యాపారానికి తొమ్మిది సూత్రాలు ప్రకటించింది, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీల చేత ఏటా రిపోర్టు ఇప్పిస్తోంది. మా జీడి షెడ్డు ఇందులో ఎక్కడా కనబడదు. ఆ తొమ్మిది సూత్రాల్లో పనివాళ్ల బాగోగులు ఒక సూత్రమే, కానీ ఆ సూత్రం పట్టుకుని షెడ్డుకి వచ్చేవాళ్లెవరు? ఈ ఖాళీలోకి వెళ్లగలిగింది విద్యార్థులే. వాళ్లకి లెక్కలొచ్చు, టైముంది, యజమానికి వాళ్లంటే ఇన్‌స్పెక్టరంటే ఉండే భయం ఉండదు.

ఇంకో ముఖ్యమైన మాట. కూలి కోత ఎత్తేశాక ఒకరోజు బాబాయే తన గోడు చెప్పుకున్నాడు. “నువ్వు వీళ్ల లెక్క చూశావు సరే, నా లెక్క ఎవడు చూస్తాడ్రా? టిన్నులు పట్టుకెళ్లినవాళ్లు నెలల తరబడి డబ్బివ్వరు, వారం వారం వీళ్లకి నేనెక్కణ్ణించి తేను?” న్యాయమైన మాట. పెద్ద ఊళ్ల హోల్‌సేలర్లు సరుకు అమ్ముకున్నాక కూడా చిన్నవాడి డబ్బు పట్టుకుని కూర్చుంటారు. దానివల్ల చివరికి నలిగేది ఆ పిక్కలు కొట్టే ఆడమనిషే.

దీనికీ చట్టం ఉంది, 2006 నాటిది. చిన్న తయారీదారు దగ్గర సరుకు కొంటే రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను లెక్కలో కూడా మెలిక పెట్టారు: గడువు దాటిన బాకీ నిజంగా చెల్లించేదాకా కొన్నవాడు దాన్ని ఖర్చుగా చూపించుకోలేడు. ఇదంతా పనిచెయ్యాలంటే చిన్నవాడికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా కేంద్రం దగ్గర నమోదు, ఉండాలి. బాబాయ్‌కి లేదు. మా జూనియర్లు ఒక మధ్యాహ్నం కూర్చుని ఆధార్, పాన్ పట్టుకుని ఆన్‌లైన్లో చేసిపెట్టారు, పైసా ఖర్చు లేదు. బిల్లు పుస్తకం కొత్తగా వేయించి, ప్రతి బిల్లు కింద ఉద్యమ్ నంబరు, 45 రోజుల గడువు అచ్చువేయించారు. అది చూసి ఒక పాత బాకీదారు ఆడిటర్ ఫోన్ చేసి, తేదీలు కనుక్కుని, మార్చి ముగియకముందే డబ్బు వేయించాడు. ఇవ్వనివాళ్ల మీద కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చని కూడా పిల్లలు బాబాయ్‌కి చూపించారు. ఆయన ఇంకా పెట్టలేదు, పాత ఖాతాదారులతో మొహమాటం.

మీరు బరంపురంలో చదువుతున్నాననీ, మీ క్లబ్బుకి ఈ ఏడాది ఏం చెయ్యాలో తోచడం లేదనీ ప్రశ్న కింద రాశారు కాబట్టి చెబుతున్నాను. ఫ్లెక్సీ డబ్బుతో రెండు భాషల్లో కూలి పుస్తకాలు అచ్చువేయించండి. కామర్స్ వాళ్లని షెడ్డు యజమానుల బకాయిల మీద కూర్చోబెట్టండి, ఇంజినీరింగ్ వాళ్లని బాయిలర్ దగ్గరికి పంపండి. ఆడవాళ్లతో మాట్లాడటానికి మీలోని ఆడపిల్లలే వెళ్లాలి. యజమాని పక్కన లేనప్పుడు, టీ వేళకి వెళితే అన్నీ చెబుతారు. మార్చిలో పిక్కలు దిగడం మొదలయ్యాక అక్కడ ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు, జనవరిలోనే వెళ్లి పరిచయం చేసుకోండి. మా షెడ్డు నోటుబుక్కు గళ్లు ఎలా గీశామో కావాలంటే అడగండి, ఫొటో తీసి పెడతాను.