క్రియాటినిన్ 1.6, గాబాపెంటిన్ మొదలుపెట్టాక మత్తు: సమాధానం

74 ఏళ్ల మీ అమ్మగారు గాబాపెంటిన్ (నరాల నొప్పికి వాడే మందు) మొదలుపెట్టాక మత్తుగా ఉంటున్నారని, తూలుతున్నారని, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు వడపోయాలి) 1.6 ఉందని రాసి, కారణం అడిగారు. ఆ మత్తుకీ, తూలుతూ నడవడానికీ కారణం చాలావరకు గాబాపెంటినే అయి ఉంటుంది. ఆ మందు కిడ్నీల గుండానే బయటకు పోవాలి. అవి నెమ్మదిస్తే ఒంట్లో పేరుకుపోతుంది.

"క్రియాటినిన్ 1.6 మాత్రమే కదా" అని రాశారు. చాలామంది పొరబడేది ఇక్కడే. పెద్ద వయసులో కండ తగ్గిపోతుంది కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నా ఆ అంకె పెద్దగా పెరగదు. మీరిచ్చిన వయసు, బరువుతో లెక్క వేసి చూడండి:

1. 140 లోంచి వయసు 74 తీసేస్తే 66.
2. బరువు 48 కిలోలు, దాంతో గుణిస్తే 3168.
3. 72 × 1.6, అంటే 115.2తో భాగిస్తే 27.5.
4. ఆడవాళ్లకు 0.85తో గుణించాలి. సుమారు 23.

ఇది క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంచనా, నిమిషానికి మిల్లీలీటర్లలో. 15 నుంచి 29 మధ్య ఉంటే గాబాపెంటిన్ రోజు మొత్తానికి 200 నుంచి 700 మి.గ్రా. ఆవిడ 300 చొప్పున మూడుసార్లు, అంటే 900 వేసుకుంటున్నారు.

ఈ లెక్క చెప్పి డాక్టర్‌తో ఇవాళే మాట్లాడండి. తర్వాతి డోసు వేయాలా వద్దా అన్నదీ అడగండి. మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి, ఫిట్స్ రావచ్చు.

లేపినా సరిగా లేవకపోయినా, ఊపిరి మందగించినా ఫోన్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నొప్పి ఎక్కువైందని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు, అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీయొచ్చు.