కెమెరా పోతే డబ్బొస్తుంది, పెళ్లి ఫుటేజీ పోతే?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వడపళనిలో పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో నడుపుతున్నాను. కెమెరాలు, లెన్సులు, రెండు ఎడిటింగ్ కంప్యూటర్లు కలిపి 9 లక్షలకు కొన్నాను. ఈమధ్య పక్క వీధిలో ఒక షాపులో దొంగలు పడ్డారు. లోను ఇచ్చినప్పుడు బ్యాంకు ఇన్సూరెన్సు చేయించింది. అది చాలదా? 60 వేల వరకు ఖర్చు పెట్టగలను.

జవాబు: బహుశా చాలదు. లోనుతో పాటు బ్యాంకులు చేయించేది ఎక్కువగా ఫైర్ పాలసీ. చిన్న వ్యాపారాలకిచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష కూడా ఆ కోవదే. అగ్నిప్రమాదమో వరదో వచ్చి, దాని కారణంగా 7 రోజుల్లోపు సామాను పోతేనే అందులో దొంగతనానికి డబ్బొస్తుంది. ఊరికే రాత్రిపూట దొంగలు పడితే రాదు. దానికి బర్గ్లరీ పాలసీ విడిగా ఉండాలి. అందులోనూ ఒక మెలిక: తాళమో షట్టరో పగలగొట్టిన ఆనవాలు కనబడాలి. కస్టమర్‌లా వచ్చి టేబుల్ మీది లెన్సు జేబులో వేసుకుపోతే పైసా రాదు. పనివాళ్లే తీస్తే సాధారణంగా అదీ రాదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ వేరే.

మీ కెమెరాలు స్టూడియోలో కంటే కల్యాణ మండపాల్లోనే ఎక్కువ తిరుగుతాయి. అందుకని ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ, దాంతో పాటు బయట తిరిగే పరికరాల కవర్ అడగండి. కారులో వదిలిన బ్యాగు పోతే ఇస్తారో లేదో ఏజెంటు నోటిమాట నమ్మకుండా ఈమెయిల్లో తీసుకోండి.

కొన్న ధర 9 లక్షలకే పాలసీ రాయిస్తే దెబ్బతింటారు. ఇవాళ అవే కొత్తవి కొనాలంటే 12 లక్షలు అవుతుందనుకోండి. 4 లక్షల బ్యాగు పోతే మీకొచ్చేది 12లో 9 వంతుల లెక్కన 3 లక్షలే, అందులోనూ ఎక్సెస్ (ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన భాగం) పోతుంది. ఇంకొకటి: జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, పోయిన వస్తువు మీద ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి, సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం. 2 లక్షల కెమెరాకు 18 శాతం చొప్పున అది 36 వేలు. పాలసీ ఎంతకు రాయించాలో నిర్ణయించేటప్పుడే మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

బిల్లులు, ప్రతి కెమెరా బాడీ, లెన్సు సీరియల్ నంబర్ల ఫొటోలు ఈమెయిల్లో దాచండి. ఎఫ్ఐఆర్‌లో నంబరు లేకపోతే క్లెయిము నత్తనడకే. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో బిల్లు లేకుండా కొన్న సెకండ్‌హ్యాండ్ సరుకుకు మరీను.

ఇక అసలు సంగతి. ఏ పాలసీ అయినా తాళి కట్టే క్షణాన్ని తిరిగి తెచ్చివ్వదు. కాబట్టి ఆ 60 వేలలో పెద్ద వాటా డిస్కులకే పోవాలి. 100 ఎంబీపీఎస్‌లో తీసే 4కె వీడియో గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఆరు గంటలు అంటే 540 జీబీ. కెమెరాలో రెండు స్లాట్లుంటే రెండింటిలో ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. బ్యాగు పోతే రెండు కార్డులూ పోతాయి కదా! షూటింగ్ అయిన వెంటనే రెండో కార్డు తీసి వేరే మనిషి దగ్గర ఉంచండి. స్టూడియోలో ఒక డిస్కులో, ఇంట్లో మరో డిస్కులో కాపీ అయి, రెండింటిలో ఫైళ్లు తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. ఇంట్లో డిస్కు 2023 డిసెంబరు మిచాంగ్ వరదల్లాంటి రోజున కూడా అక్కరకొస్తుంది. క్లౌడ్‌కు పంపాలంటే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైనులో 540 జీబీకి కనీసం 12 గంటలు, అంటే రాత్రికి పెట్టి వెళ్లాల్సిందే.

విండోస్ పాస్‌వర్డ్ ఒక్కటే దొంగను ఆపదు. డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే పెళ్లికూతురి ఫొటోలన్నీ కనిపిస్తాయి. కీ లేనిదే డిస్కును ఎవరూ చదవలేకుండా చేసే బిట్‌లాకర్ ఆన్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద ఇంట్లో ఉంచండి.

సీసీటీవీ ఉంటే రికార్డింగు దాచే పెట్టె డీవీఆర్‌ను కౌంటర్ కింద పెట్టకండి, దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. అటక మీద తాళం పెట్టెలో ఉంచండి. 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగు కెమెరాలకు 1 టీబీ 11 రోజులొస్తుంది. షట్టరుకు రెండు పక్కల తాళాలతో పాటు సెంటర్ లాక్ వేయించండి.

పెళ్లివాళ్లతో రాసుకునే కాగితంలో ఆల్బమ్ ఇచ్చాక 90 రోజులే ఫుటేజీ దాస్తామని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే డిస్కులు కొంటూనే ఉండాలి.