ఎడమ చేస్తే కుడి పోతోంది!

ప్రశ్న: మేం డెట్రాయిట్ దగ్గర ఉంటామండీ. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నా. మొన్న ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర పాత హ్యామర్డ్ డల్సిమర్ (చిన్న కర్రలతో తీగల్ని కొట్టి వాయించే వాద్యం) చవగ్గా కొన్నాను, 12/11 సైజు, అంటే ఒక బ్రిడ్జి మీద 12, ఇంకోదాని మీద 11 జంట తీగలు. యాప్ పెట్టుకుని కుడివైపు శృతి చేస్తే ఎడమవైపు ఎక్కువ పలుకుతోంది, ఎడమ సరిచేస్తే కుడి దిగిపోతోంది. పొద్దున చేసింది సాయంత్రానికి ఉండట్లేదు కూడా. ఇక పనికిరాదా?
- ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: పనికొస్తుందండీ, కంగారు పడకండి. మధ్యలో ఉన్న ట్రెబుల్ బ్రిడ్జి, అంటే తీగల్ని మోసే చెక్క, వీణ గుర్రం లాంటిదే, కాకపోతే ఇక్కడ తీగ దానికి రెండు పక్కలా మోగుతుంది. కుడి ముక్క మూడు పాళ్లు, ఎడమ ముక్క రెండు పాళ్లు ఉండాలి, అప్పుడు కుడివైపు స అయితే అదే తీగ ఎడమవైపు ప. తీగ ఒకటే, బిరడా ఒకటే, మరి విడివిడిగా శృతి ఎలా కుదురుతుంది చెప్పండి?

ఒకటి రెండు తీగలకే తేడా ఉంటే తీగ బ్రిడ్జి మీద పట్టేసి ఉంటుంది, రెండు పక్కలా వేలితో కాస్త నొక్కి మళ్లీ చూడండి. అన్నిటికీ ఎడమే ఎక్కువంటే బ్రిడ్జి ఎడమకి జరిగిందన్నమాట. దాన్ని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. తీగలు కొంచెం వదులు చేసి, బ్రిడ్జి అడుగున చిన్న చెక్కముక్క ఆనించి కుడివైపుకి మెల్లగా తట్టండి, వెంట్రుకవాసి జరిగినా తెలుస్తుంది. పైభాగంలో కొట్టారో, ఒరిగిపోతుంది.

సాయంత్రానికి పోవడం మామూలే. మొత్తం 46 తీగలు, కొన్ని బిగిస్తే చట్రం లొంగి మిగతావి దిగుతాయి, అందుకే ఒక్కసారికే పర్ఫెక్ట్ చేద్దామని కూర్చోకుండా రెండు మూడు రౌండ్లు చకచకా తిరగాలి. చలికాలం హీటర్‌కి చెక్క ఎండి శృతి దిగుతుంది, వానాకాలం తేమకి ఉబ్బి పెరుగుతుంది, వెంట్ దగ్గర మాత్రం పెట్టొద్దు. జంట తీగల్లో ఒకదాన్ని వేలితో ఆపి రెండోది యాప్‌తో చేసుకుని, తర్వాత మొదటిదాన్ని చెవితోనే కలపండి, అల అలగా ఊగే శబ్దం ఆగిపోయిందంటే కలిసినట్టే. తిప్పే ముందు ఆ పిన్ను (బిరడా) ఏ తీగదో చూసుకోండి, నేను వేరే తీగ వింటూ ఇంకోటి బిగించి రెండుసార్లు తెంపాను. పిన్నులకి దాని రెంచే వాడండి, ప్లయర్స్ వద్దు.

ఇంకోటి, కుడివైపు గుర్తు పెట్టిన డి తీగ నుంచి పైకి స రి గ మ, మళ్లీ ఆ డి తీగకే ఎడమవైపు నుంచి పైకి ప ద ని స, శంకరాభరణం రెండు ముక్కల్లో వచ్చేస్తుంది. గమకం మాత్రం అడక్కండి, దానికి మీ వీణే దిక్కు.